సీసం పోత: మంటకు భయపడి, మసిని మరిచి

వినలేని మాట చెవిన పడితే 'చెవుల్లో సీసం పోసినట్లుంది' అంటాం. ఇనుము పోసినట్లనో రాగి పోసినట్లనో ఎవరూ అనరు. ఇనుమూ రాగీ కరగాలంటే కొలిమి కావాలి, తిత్తి కావాలి, బస్తాల కొద్దీ బొగ్గు కావాలి. సీసానికి ఆ హంగామా అక్కర్లేదు. 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది నీళ్లలా జారిపోతుంది. అన్నం వండే పొయ్యి, ఒక ఇనుప మూకుడు, ఒక గంటె ఉంటే ఏ పెరట్లోనైనా సీసం పోత పోయవచ్చు. ఇంత సులువుగా లొంగుతుంది కాబట్టే అది ఇళ్లలోకి వచ్చింది. కర్మాగారంలో ఉండాల్సిన ప్రమాదం కూడా దాని వెంటే ఇంటి వసారాలోకి వచ్చి కూర్చుంది.

వరంగల్ చుట్టుపక్కల సీసం ఎక్కడుందో వెతకనక్కర్లేదు. టైర్ల దుకాణంలో చక్రం బ్యాలెన్సింగుకు రిమ్ముకు తగిలించే చిన్న బరువుల్లో ఉంది. ఇన్వర్టర్ బ్యాటరీలో ఉంది. మూతపడ్డ లెటర్‌ప్రెస్సుల్లో దుమ్ము పట్టిన అక్షరాల్లో ఉంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీకి సాధన చేసే పిల్లల చేతిలోని 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్లూ సాధారణంగా సీసమే. అన్నింటికంటే పాత కొలువు మాత్రం వలలో. పాకాలలోనో రామప్ప చెరువులోనో విసురు వల గాలిలో గొడుగులా విచ్చుకుని, అంచంతా ఒక్కసారిగా నీటిని తాకి, చేప పక్కకు తప్పుకునేలోపే అడుగుకు చేరాలి. ఆ పని చేసేది అంచుకు వరుసగా గుచ్చిన గుండ్లు. నీటికంటే పదకొండు రెట్లు బరువైన సీసం దీనికి అతికినట్లు సరిపోతుంది. మెత్తగా ఉంటుంది, తుప్పు పట్టదు, విరిగితే కరిగించి మళ్లీ పోసుకోవచ్చు.

వల గుండు గురించి మాట్లాడుతూ రివాల్వర్ గుండు ప్రస్తావన తేవడం వింతగా అనిపించవచ్చు. కానీ ఇళ్లలో సీసం పోసే పనిని అందరికంటే శ్రద్ధగా గమనించి, చేతులు కాల్చుకుని మరీ నేర్చుకున్నది తుపాకి గుండ్లు సొంతంగా పోసుకునే అభిరుచి ఉన్నవారు. అమెరికాలో అది పెద్ద వ్యాపకం. అక్కడ చాలా రాష్ట్రాల్లో గురి సాధన చేసేవారు పేలిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలను దాచుకుని, సొంతంగా పోసిన సీసపు గుండు అమర్చి తూటాను మళ్లీ తయారు చేసుకుంటారు.

మన దగ్గర ఆ దారి మూసి ఉంది, ఈ విషయంలో అపోహ ఉండకూడదు. ఆయుధాల చట్టం, 1959 ప్రకారం తుపాకి దగ్గర ఉంచుకోవడానికి ఇచ్చే లైసెన్సు వేరు, తూటా తయారీకి ఇచ్చే లైసెన్సు వేరు. మొదటిది 3వ సెక్షను కిందికి వస్తుంది, రెండోది 5వ సెక్షను కిందికి వస్తుంది. రివాల్వర్‌కు లైసెన్సు ఉంది కదా అని ఇంట్లో తూటాలు తయారు చేసుకుంటే అది అనుమతి లేని తయారీయే. 2019 సవరణ తర్వాత అలాంటి తయారీకి ఏడేళ్లకు తగ్గని శిక్ష, గరిష్ఠంగా యావజ్జీవం పడుతుంది. కాబట్టి ఇక్కడ తూటా సంగతి ఎత్తుకున్నది దాన్ని తయారు చేయమని కాదు. సీసం స్వభావాన్ని అంత దగ్గరగా చూపించే వస్తువు మరొకటి లేదు కాబట్టి.

వల గుండు కాస్త వంకరగా పోసినా చేప పట్టించుకోదు. రివాల్వర్ గుండుకు ఆ వెసులుబాటు లేదు. తుపాకి గొట్టం లోపలి వ్యాసం కంటే గుండు ఒక అంగుళంలో వెయ్యో వంతు లావుగా ఉండాలంటారు. అంతకంటే సన్నబడితే వెనుక పుట్టిన వేడి వాయువు గుండు పక్కనుంచి జారుకుంటూ దాని అంచును కరిగించి, ఆ సీసాన్ని గొట్టం గోడకు పూత పూస్తుంది. కొత్తవారు దీనికి గట్టి సీసం వాడితే సరి అనుకుంటారు. చాలాసార్లు ఫలితం తిరగబడుతుంది. మెత్తని గుండు వెనుక ఒత్తిడికి కాస్త ఉబ్బి గొట్టాన్ని నిండుగా పట్టుకుంటుంది, మరీ గట్టిది ఉబ్బక సందు వదిలేస్తుంది. స్వచ్ఛమైన సీసం గట్టిదనం బ్రినెల్ కొలతలో 5 దరిదాపుల్లో ఉంటుంది. చక్రం బరువుల్లో సీసాన్ని గట్టిపరిచే ఆంటిమొనీ కాస్త కలుస్తుంది కాబట్టి దాదాపు రెట్టింపు ఉంటుంది. అచ్చు యంత్రాల లైనోటైపు లోహం 22 వరకు వెళ్తుంది. ఆ లోహంలో 84 పాళ్లు సీసం, 12 పాళ్లు ఆంటిమొనీ, 4 పాళ్లు తగరం. అక్షరం అంచు పదునుగా రావాలని అచ్చుశాలలు కుదుర్చుకున్న ఆ కలయిక కోసమే ఇప్పుడు గుండ్లు పోసేవారు పాత ప్రెస్సుల చుట్టూ తిరుగుతున్నారు. పుస్తకాలు అచ్చేసిన లోహానికి ఇలాంటి మలి జీవితం రావడం కాస్త నొప్పించే విషయమే.

తూటా తయారీలో ప్రాణం తీసేది మాత్రం సీసం కంటే ఎక్కువగా తుపాకి మందు. రివాల్వర్‌లో బాగా ప్రచారంలో ఉన్న .38 స్పెషల్ తూటా 1898 నాటిది. దాని ఇత్తడి గొట్టం పాతకాలపు నల్ల తుపాకి మందు పట్టేలా పొడుగ్గా చేశారు. ఇప్పటి పొగరాని మందు అందులో అడుగున కొంచెం చోటే తీసుకుంటుంది. అంటే పొరపాటున రెండుసార్లు మందు పోసినా గొట్టం పొంగిపొర్లదు, కంటికి తేడా తెలియదు. పేలినప్పుడు తెలుస్తుంది. మందు పడనే లేదనుకుందాం. తూటా అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్ శక్తికే గుండు కదిలి తుపాకి గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. 'టప్'మన్న చిన్న చప్పుడును పట్టించుకోక మళ్లీ మీట నొక్కితే రెండో గుండుకు బయటికి వెళ్లే దారి ఉండదు. ఒకరి ఏకాగ్రత మీద ఆధారపడే పనికి చట్టం గట్టి కంచె వేయడంలో అర్థముంది.

మళ్లీ మూకుడు దగ్గరికి వద్దాం.

కరిగిన సీసం దగ్గర కంటికి కనిపించే ప్రమాదం నీటిది. ఒక మిల్లీలీటరు నీరు ఆవిరైతే దాదాపు 1,700 మిల్లీలీటర్ల చోటు ఆక్రమిస్తుంది. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. కరిగిన సీసం పైన ఒక చుక్క పడితే చాలాసార్లు అది చిటపటలాడి ఎగిరిపోతుంది. అది చూసినవారికి ధైర్యం వస్తుంది, ఆ ధైర్యమే ముంచుతుంది. అదే చుక్క సీసం అడుగున చిక్కితే ఆవిరికి పైకి రావడం తప్ప దారి లేదు. వస్తూ వస్తూ తన మీదున్న సీసాన్నంతా పైకి విసురుతుంది. మూకుడు మొత్తం ఖాళీ అయ్యేంత బలం ఆ చుక్కకు ఉంటుంది.

వలలు బాగుచేసే చోట ఇది ఎలా జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. పాత గుండుకు తాడు దూరే బెజ్జం ఉంటుంది. చెరువులో ఏళ్ల తరబడి తిరిగిన గుండు బెజ్జంలో బురద గట్టిపడి ఉంటుంది. పైకి ఎండినట్లే కనిపిస్తుంది, లోపల చెమ్మ మిగిలే ఉంటుంది. మూకుడులో సీసం అప్పటికే కరిగి మెరుస్తూ ఉంటుంది, ఇంకో నాలుగు పాత గుండ్లు వేద్దామని చేయి చాస్తారు. బరువుకు అవి బుడుంగున మునుగుతాయి. ఆ తర్వాతి క్షణంలో ముఖం అక్కడ ఉండకూడదు. అందుకే పాత సీసాన్ని ఎప్పుడూ చల్లని మూకుడులో పేర్చి, చల్లని స్థితి నుంచే వేడెక్కించాలి. సీసం కరిగే వేడికి చేరేలోపు నీళ్లు వంద డిగ్రీల దగ్గరే సెలవు తీసుకుంటాయి. ఒక విడత అయ్యాక ఇంకా కరిగించాల్సింది ఉంటే మళ్లీ మొదటి నుంచి రావాలి. ఇది ఓపికను పరీక్షిస్తుంది, నిజమే.

గంటెను కడిగి వెంటనే ముంచడం, వాన తుంపర పడుతున్నా పని ఆపకపోవడం, పచ్చి అచ్చులో పోయడం, అన్నీ ఈ తప్పుకు తోబుట్టువులే. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో ఓజా కళాకారులు చేసే డోక్రా లోహపు పోత పనిని చూసినవారికి అచ్చు సంగతి విడమరచి చెప్పనవసరం లేదు. మైనపు బొమ్మ చుట్టూ మట్టి పొదిగి, ఆ మట్టిని ఎండబెట్టి, నిప్పుల్లో కాల్చి, మైనం కరిగి పోయాకే లోహం దిగుతుంది. పచ్చి మట్టిలోకి లోహం దించే తొందర ఆ పనిలో ఎవరికీ ఉండదు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ కళలో అందంతో పాటు ఇంత జాగ్రత్త కూడా ఇమిడి ఉంది. సీసం తక్కువ వేడికి కరుగుతుంది కదా అని ఆ జాగ్రత్తను తేలిగ్గా తీసుకుంటారు, అంతే తేడా.

ఒంటి మీది బట్ట విషయంలోనూ ఒక మాట. పాలియెస్టర్ మీద సీసం చుక్క పడితే బట్ట కరిగి చర్మానికి అంటుకుంటుంది. నూలు బట్ట మాడుతుంది కానీ అంటుకోదు. చెప్పులకు బదులు మూసి ఉన్న బూట్లు, కళ్లకు అద్దాలు ఉండాలి. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు.

చక్రం బరువుల్లో ఇప్పుడు సీసంతో పాటు జింకువి, ఇనుపవి కూడా కలిసి వస్తున్నాయి. చూపుకు తేడా తెలియదు. గోరుతో గీస్తే సీసం మీద చార పడుతుంది, జింకు మీద పడదు. నేల మీద వేస్తే సీసం మొద్దుగా 'తప్'మంటుంది, జింకు ఖంగుమంటుంది. జింకు 419 డిగ్రీల దాకా కరగదు. కాబట్టి వేడి అదుపులో ఉంటే అది, దానితో పాటు ఇనుప కొక్కేలు, సీసం కంటే తేలిక కాబట్టి పైకి తేలి కూర్చుంటాయి. గంటెతో తీసి పారేయవచ్చు. మంట ఎక్కువ పెట్టి జింకును కరగనిస్తే మాత్రం మూకుడంతా జొన్న గటకలా ముద్దగట్టి అచ్చులోకి పారనంటుంది. పొయ్యి మీద థర్మామీటరు లేనివారికి పైకి తేలిన జింకు ముక్కే ఒక కొలత. అది గట్టిగా ఉన్నంతవరకు వేడి 419 దాటలేదని అర్థం.

ఆ కొలత ఊపిరితిత్తులకూ పనికొస్తుంది. ఇక్కడే జనంలో ఉన్న భయం, అసలు ప్రమాదం వేరువేరు దారులు పడతాయి. సీసం కరిగిస్తుంటే 'ఆ పొగ పీల్చకు' అంటారు. కనిపించే పొగ చాలావరకు సీసానిది కాదు. బరువులకు అంటిన గ్రీజు, రంగు, నూనె మాడిన పొగ అది. దాన్నీ పీల్చకూడదు, అది వేరే సంగతి. సీసం మరిగేది 1,749 డిగ్రీల దగ్గర. 500 డిగ్రీల లోపు దాని నుంచి లేచే ఆవిరి చాలా స్వల్పం. గాలి ఆడే ఆరుబయట, మంట అదుపులో పెట్టి పోసేవారికి ఆవిరి పెద్ద శత్రువు కాదు.

అసలు శత్రువు మూకుడు చల్లారాక మొదలవుతుంది. కరిగిన సీసం పైన బూడిద రంగులో, అక్కడక్కడ పసుపు రంగులో తెట్టు కడుతుంది. అది సీసం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి అయిన ఆక్సైడ్. లోహంగా ఉన్న సీసం ముద్ద చేతిలో బరువుగా, నిదానంగా ఉంటుంది. అదే సీసం ఆక్సైడ్ అయ్యేసరికి పిండిలా తేలికై ఎగురుతుంది, చేతి గీతల్లో ఇంకుతుంది, గోళ్ల కింద చేరుతుంది. అనుభవం ఉన్నవారు కాస్త తేనె మైనమో రంపపు పొట్టో వేసి కలుపుతారు. అందులోని కర్బనం ఆక్సిజన్‌ను లాగేసుకుని కొంత ఆక్సైడ్‌ను మళ్లీ లోహంగా మారుస్తుంది. మైనం భగ్గున అంటుకుంటుంది కాబట్టి ముఖం దూరంగా పెట్టుకోవాలి. అయినా మిగిలే బూడిద మిగులుతుంది. దాన్ని గంటెతో తీసి ఏం చేస్తారు? చాలామంది పక్కనే నేల మీద కొడతారు. మరునాడు పొడి చీపురుతో ఊడుస్తారు. అది గాలిలో లేచి అరుగు మీద, ఆరేసిన బట్టల మీద, ఆ పక్కనే పాకే పిల్లవాడి చేతుల మీద వాలుతుంది.

చర్మం గుండా సీసం లోహం గానీ ఆక్సైడ్ గానీ పెద్దగా లోపలికి పోదు. దాని దారి నోరు, ముక్కు. పోత పని మధ్యలో బీడీ ముట్టించిన చేయి, వేళ్ల మీది బూడిదను పెదవులకు అందిస్తుంది. వలకు కొత్త గుండు తగిలించి, పట్టకారు చేతికందక, పంటితో నొక్కి బిగించే అలవాటు మరీ ఘోరం. మెత్తని లోహం పంటికి ఎంత చక్కగా లొంగుతుందో, అంత చక్కగా పంటి మీద మిగిలిపోతుంది. చిన్న పిల్లల పేగు పెద్దల పేగు కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా సీసాన్ని పీల్చుకుంటుంది. ఇనుము, కాల్షియం తక్కువైన ఒంట్లో ఇంకా ఎక్కువ. రక్తంలో చేరిన సీసం సగానికి తగ్గడానికి సుమారు ఒక నెల పడుతుంది. ఎముకలో చేరినది దశాబ్దాలు ఉంటుంది. గర్భం దాల్చినప్పుడు తల్లి ఎముక కరిగి బిడ్డకు కాల్షియం అందించే వేళ, ఆ పాత సీసమూ వెంట వస్తుంది.

పెద్దల్లో దీని లక్షణాలు దేనికైనా సరిపోయేవే: కడుపునొప్పి, మలబద్ధకం, నీరసం, రక్తహీనత. డాక్టరు అడగకపోతే రోగి 'ఇంట్లో సీసం పోస్తాం' అని తనంతట తాను చెప్పడు, అది రోగానికి సంబంధించిన మాటలా అతనికి తోచదు. రక్తంలో సీసం పరీక్ష చేస్తే తప్ప తేలదు. సీసానికి సురక్షితమైన స్థాయి అంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు దాటితే మూలం వెతికి ఆపాలని దాని సూచన. యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు 80 కోట్ల మంది పిల్లలు ఆ హద్దు దాటి ఉన్నారు. అందులో సుమారు 27.5 కోట్ల మంది భారతదేశంలోనే ఉన్నారని అంచనా. ఆ నివేదిక ముఖ్యంగా వేలెత్తి చూపినది పాత బ్యాటరీలను అడ్డదిడ్డంగా పగలగొట్టి కరిగించే పనిని.

బ్యాటరీ పలకల గురించి మెత్తగా చెప్పడం అనవసరం. వాటిని ఇంటి దగ్గర ఎవరూ ముట్టుకోకూడదు. అందులో ఉన్నది శుద్ధమైన సీసం కాదు, సీసం ఆక్సైడ్, సల్ఫేట్, ఆమ్లం. కరిగిస్తే లోహం కంటే బూడిదే ఎక్కువ వస్తుంది. కొన్ని పలకల్లో ఆర్సెనిక్, ఆంటిమొనీ కలిసి ఉంటాయి. ఆ తెట్టుకు తడి తగిలితే ఆర్సీన్ వంటి విషవాయువులు పుట్టే అవకాశం ఉంది. గుండ్లు పోసే వ్యాపకంలో ముదిరినవారు కూడా ఊరికే ఇస్తామన్నా బ్యాటరీ సీసం వద్దంటారు. పాత బ్యాటరీ వెనక్కి తీసుకునే బాధ్యతను తయారీదారు మీద, అమ్మినవారి మీద పెట్టిన నిబంధనలు 2001లోనే వచ్చాయి. వాటి స్థానంలో 2022లో బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వచ్చాయి. పాత బ్యాటరీ ఇస్తే కొత్తదాని ధరలో తగ్గింపు ఇచ్చే పద్ధతి దుకాణాల్లో ఎలాగూ ఉంది. ఆ నాలుగు రూపాయలు తీసుకుని వచ్చేయడం మేలు.

తుపాకి పేల్చేవారికి ఇంకో వాకిలి నుంచి కూడా సీసం వస్తుంది. తూటా అడుగున ఉండే ప్రైమర్‌లో చాలాకాలంగా వాడుతున్నది సీసం స్టిఫ్నేట్ అనే రసాయనం. పేలిన ప్రతిసారీ అది అతి సన్నని పొగగా గాలిలో కలుస్తుంది. రివాల్వర్‌లో సిలిండరుకూ గొట్టానికీ మధ్య సన్నని సందు ఉంటుంది కాబట్టి ఆ పొగలో కొంత పేల్చేవారి చేతుల దగ్గరే బయటపడుతుంది. నాలుగు గోడల మధ్య, గాలి సరిగా ఆడని చోట సాధన చేసేవారి రక్తంలో సీసం పెరగడానికి ఇదొక పెద్ద కారణం. ఎయిర్ రైఫిల్‌లో ప్రైమర్ లేదు, ఆ పొగా లేదు. పెల్లెట్లు ముట్టుకున్న చేతిని కడగకుండా టిఫిన్ డబ్బా తెరవడం మాత్రం అక్కడా ప్రమాదమే.

చేయాల్సిన పని పెద్దదేమీ కాదు, తప్పకుండా చేయడమే కష్టం. పోత పోసే చోటు ఇంటికి దూరంగా, గాలి ఇంటివైపు వీచని దిక్కున ఉండాలి. తీసిన తెట్టు మూత గట్టిగా పట్టే డబ్బాలోకి వెళ్లాలి, దాని మీద పేరు రాసి ఉండాలి. ఊడవడానికి బదులు తడిగుడ్డతో తుడవాలి. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి నానబెట్టకూడదు. సబ్బుతో చేతులు, గోళ్లు రుద్ది కడిగాకే నీళ్లైనా తాగాలి. ఇక మూకుడు. పొదుపు తెలిసిన ఇళ్లలో ఏదీ పారేయరు, ఎంత తోమినా తళతళలాడే ఇనుప మూకుడును అసలు పారేయరు. ఒకసారి సీసం కరిగిన మూకుడు మళ్లీ వంటింటి గడప దాటకూడదు. దానికి ఒక బెజ్జం కొట్టి గోడకు వేలాడదీస్తే ఎవరూ పొరపాటున కూడా నూనె పోయరు. కరిగించేటప్పుడు ఆ బెజ్జం పై అంచున ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

చెరువులో తెగిపడిన గుండ్ల కథ ఇంకొకటి ఉంది. బాతులకు పళ్లు లేవు. అడుగున దొరికే ఇసుక గింజలు, చిన్న రాళ్లు మింగి, వాటి సాయంతో కందనకాయలో తిండి నలుగుతుంది. ఆ రాళ్లలో ఒక సీసపు గుండు కలిస్తే కందనకాయ దాన్నీ అంతే శ్రద్ధగా నూరుతుంది, కడుపులోని ఆమ్లం కరిగిస్తుంది. హంసలు ఇలా చనిపోతున్నాయని బ్రిటన్ 1987లో గాలానికి కట్టే చిన్న సీసపు బరువులను నిషేధించింది. నీటి పక్షుల వేటలో సీసపు రవ్వలను అమెరికా 1991 నాటికి దేశమంతటా ఆపేసింది. కాకతీయుల కాలంలో తవ్విన పాకాల ఇప్పుడు అభయారణ్యం మధ్యలో ఉంది, చలికాలంలో బాతులు దిగే నీరు అది.

సీసం లేకుండా వల మునగదా అంటే, మునుగుతుంది. ఇనుప గొలుసు అంచుగా కుట్టిన విసురు వలలు ఉన్నాయి. లెక్క చూస్తే తేడా అనుకున్నంత లేదు. కిలో సీసం నీటిలో 912 గ్రాములు తూగితే, కిలో ఇనుము 873 గ్రాములు తూగుతుంది. చోటు కాస్త ఎక్కువ పడుతుంది, దిగే వేగం కాస్త తగ్గుతుంది. తుప్పు పడుతుంది కాబట్టి వల ఆరేశాక గొలుసును ఒకసారి నూనె గుడ్డతో తుడవాలి.